ఉత్తరానికొక లోపం

ఫిబ్రవరి 2

బావగారికి నమస్కారాలు.

మీరు పంపిన పెట్టె నిన్న సాయంత్రం చేరింది. లంచ్ బాక్స్ కంటే కాస్త పెద్దదిగా ఉన్న ఆ వస్తువులో మీరు ఇన్నేళ్లుగా తీసిన వీడియోలన్నీ పట్టాయంటే నమ్మబుద్ధి కాలేదు. పాప దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపబోయింది. నేను లాక్కుని బీరువా మీద పెట్టాను.

ఆయన పోయినప్పటి నుంచి మీరు నా ఫోన్ ఎత్తడం లేదు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. పెట్టె పంపినందుకు కృతజ్ఞతలు చెప్పాలి, దీన్ని ఎలా పనిచేయించాలో అడగాలి. అంతకంటే ముందు, ఈ వీడియోలు కావాలని ఎందుకు కబురు పెట్టానో కూడా చెప్పాలి.

పొద్దున్నే పాపను లేపేటప్పుడు ఆయన కండక్టర్‌గా తన బస్సులో అరిచినట్టే అరిచేవారు. “లాస్ట్ స్టాప్, లాస్ట్ స్టాప్. నిద్రపోయేవాళ్లని డిపోకి తోలుకుపోతాం, తరవాత మా పూచీ లేదు.” మొన్న పాప నన్ను అలాగే లేపమంది. లేపాను. అది దుప్పటి ముఖం మీంచి తీయకుండానే అంది, “మాటలు అవే అమ్మా. గొంతు నీది. నాన్న గొంతు ఎలా ఉండేదో నాకు గుర్తు రావట్లేదు.”

నాకు వస్తుంది. కానీ నాకు వచ్చేదాన్ని దాని చెవిలో పెట్టలేను. ఆయన ఫోన్ ఆసుపత్రి గొడవలో ఎక్కడో పోయింది. నా ఫోన్‌లో ఉన్నవి పాప గంతులు, వెనక నా కేకలు. ఆయన నడుస్తూ, మాట్లాడుతూ, ఎవరినో ఆటపట్టిస్తూ ఉన్నవన్నీ మీరు తీసినవే.

పెట్టెకు రెండు తీగలున్నాయి. ఏది ఎక్కడ పెట్టాలో చెప్పండి. తప్పుగా పెడితే కాలిపోతుందేమోనని భయం.

మీ మరదలు

ఫిబ్రవరి 7

మరదలికి,

నీ ఉత్తరం అందింది. తప్పుగా పెడితే కాలిపోయే వస్తువును నేను ఎవరికీ పంపను.

ఇకపై ఈ విషయమంతా ఉత్తరాలలోనే జరగాలి. ఫోన్‌లో చెప్పిన సూచన గాలిలో కలిసిపోతుంది, కాగితం మీద ఉన్నది ఎదుట నిలబడుతుంది. లిఫ్టుల మరమ్మతులో నేను మొదటి నుంచి పాటిస్తున్న పద్ధతి ఇదే. లోపాన్ని మాటలలో రాసిన తరవాతనే స్క్రూడ్రైవర్ ముట్టుకుంటాను. నీవు పాటించవలసిన నియమం ఒకటి: ఉత్తరానికొక లోపం. రెండు లోపాలు కలిపి రాసేవారు రెండింటినీ సరిగా చూడలేదని అర్థం.

1. లావుపాటి తీగ కరెంటుకు. సన్నని తీగ ఇంటర్నెట్ వచ్చే గోడ సాకెట్‌కు.

2. పెట్టె మీద ఎర్ర దీపం వెలుగుతుంది. అది ఆకుపచ్చగా మారేవరకు దానిని తాకరాదు, పాపను తాకనివ్వరాదు.

3. తరవాత టీవీలో నేను రాసి పంపిన పేరు గల యాప్‌ను తెరువు. అందులో మా ఇంటి పేరుతో ఒక అర కనబడుతుంది. అదే మన సర్వర్. దానికి బయటి కంపెనీ ఏదీ అవసరం లేదు. సినిమా హాలు మన ఇంట్లోనే ఉన్నట్టు.

నా దగ్గర కూడా ఇలాంటి పెట్టె ఒకటి ఉంది. వీడియోలు ఉన్న అరను మాత్రం రెండింటి మధ్య ఉమ్మడి చేశాను. నేనిక్కడ అందులో ఏది వేసినా అక్కడికి చేరుతుంది, నీవక్కడ వేసినది ఇక్కడికి చేరుతుంది. మిగతా భాగాలు ఏ పెట్టెవి ఆ పెట్టెకే.

ఫైళ్లకు పేర్లు నేనే పెట్టాను. సంవత్సరం, నెల, చోటు, సందర్భం, ఈ వరసలో. వాటిని మార్చకు. పేరు మారితే సర్వర్ దానిని కొత్త వీడియో అనుకుంటుంది, పేరు మారకపోతే పాతదే అనుకుంటుంది. యంత్రానికి అంతకంటే తెలివి లేదు.

ఇవి చదివి అర్థం చేసుకోగలవనే తలుస్తున్నాను. నీవు తెలివైనదానివని మా తమ్ముడు చెబుతుండేవాడు. నాకు పరీక్షించే అవకాశం రాలేదు.

ఆశీస్సులతో,
పాప పెదనాన్న

ఫిబ్రవరి 13

బావగారికి నమస్కారాలు.

చెప్పినవన్నీ చెప్పిన వరసలోనే చేశాను. దీపం ఆకుపచ్చగా మారింది. టీవీలో యాప్ తెరిస్తే “సర్వర్ కనబడలేదు” అని వచ్చింది. క్లినిక్‌లో డ్యూటీ నుంచి వచ్చాక రోజూ చేసి చూశాను. అదే మాట.

లోపం అదే. కానీ దానికి తోక ఒకటుంది, అది వేరే లోపంగా లెక్కపెట్టకండి. నిన్న పై అంతస్తు ఇంటావిడ దిగొచ్చింది.

“ఏమ్మాయ్, మా టీవీలో మీ ఆయన ఐస్‌క్రీమ్ తింటున్నాడేంటి?”

ఆవిడ నా చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్లింది. వాళ్ల హాల్లో, వాళ్ల పెద్ద టీవీలో, మా వీడియోలన్నీ వరసగా ఉన్నాయి. వాళ్లాయన పేపరు కిందకు దించి, “మంచి క్లియర్‌గా ఉందమ్మా” అన్నాడు. ఆవిడ మాత్రం గడప దగ్గర మళ్లీ అడిగింది, “అన్నిట్లో ఆయనే ఉన్నాడు, నువ్వు కనబడవే? కెమెరా నీ చేతిలో ఉండేదా?” లేదండీ, మా బావగారి చేతిలో అన్నాను.

పాప పైకి వెళ్లి చూస్తానని పేచీ పెట్టింది. వాళ్ల నాన్నను పరాయి వాళ్ల సోఫాలో కూర్చుని చూడటం నాకు ఇష్టం లేదు. ఆపాను. ఏం చేయాలో చెప్పండి.

మీ మరదలు

ఫిబ్రవరి 18

మరదలికి,

లోపం పెట్టెలో లేదు, సాకెట్‌లో ఉంది. నీవు సన్నని తీగ పెట్టిన సాకెట్ పై అంతస్తు వారి లైనుది. పాత భవనాలలో రెండు ఇళ్ల తీగలు ఒకే గోడలో దిగుతాయి. ఒకే లైను మీద ఉన్న ఏ టీవీకైనా ఈ పెట్టె దానంతటదే కనబడుతుంది. మీ సొంత రౌటర్ ఎక్కడ ఉందో వెతికి, దాని వెనక ఖాళీగా ఉన్న రంధ్రంలో తీగ పెట్టు. టీవీ కూడా అదే రౌటర్ వైఫైలో ఉండాలి.

తమ్ముడు ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాడే నేను లైన్లన్నీ గుర్తులు పెట్టి ఇస్తానన్నాను. “అవసరం లేదు బావగారూ” అని నీవే అన్నావు. ఇంట్లో ఏ తీగ ఎవరిదో తెలియకుండా ఇంతకాలం కాపురం చేయడం కూడా ఒక విద్యే.

పై అంతస్తు వారి ప్రశ్నలు, అభిప్రాయాలు నాకు రాయనక్కరలేదు. అవి లోపాల కిందికి రావు.

ఆశీస్సులతో,
పాప పెదనాన్న

ఫిబ్రవరి 24

బావగారికి నమస్కారాలు.

రౌటర్ చెప్పుల స్టాండ్ వెనక దొరికింది. తీగ మార్చాను. ఇప్పుడు సర్వర్ మా టీవీలో కనబడుతోంది. పై ఇంటావిడ “మీ సినిమా పోయిందేంటి, సగంలో ఉన్నాం” అని తలుపు కొట్టింది. నవ్వుకున్నాం.

ఇప్పుడు కొత్త లోపం. వీడియోలు ఆడుతున్నాయి కానీ మధ్యలో తెగుతున్నాయి. మొదట పాప సముద్రం దగ్గరిది పెట్టమంది. ఆయన రెండు ఐస్‌క్రీములు పట్టుకుని ఇసకలో కాళ్లీడ్చుకుంటూ వస్తారు. దగ్గరికొచ్చి ఒకటి ఎవరికో చాస్తారు. నోరు తెరుస్తారు. అంతే, ఆ చెయ్యి అలా చాచి ఉండగానే ఖాళీ సముద్రం వస్తుంది. అలలు, ఒక కుక్క, అయిపోతుంది.

ఇల్లు మారిన రోజు వీడియోలో మంచం ఒక కొస ఆయన పట్టుకున్నారు. “మెల్లగా, మె” అన్నారు. అక్కడ తెగి, మంచం గదిలో వేసి ఉంది. పడవది కూడా అంతే. పడవ ఎక్కుతారు, వెంటనే దిగుతారు. పాప అడిగింది, “నాన్నకి ఎక్కిళ్లా అమ్మా?”

మీ అరలో ఉన్నవన్నీ చూశాం. ఆయన ఒక్క మాటైనా పూర్తిగా అన్నది ఒక్కటీ లేదు. “లాస్ట్ స్టాప్” అరుపు ఎక్కడైనా ఉంటుందని పాప కాచుక్కూర్చుంది. తెగిన ప్రతిసారీ నా ముఖంలోకి చూస్తోంది, నేనే ఆపేస్తున్నానేమో అన్నట్టు.

మీ మరదలు

మార్చి 2

మరదలికి,

వీడియో మధ్యలో తెగడానికి కారణాలు అనేకం. తీగ నాసిరకం కావచ్చు. టీవీ పాతది కావచ్చు. ఫైలు బరువును మోయలేక సర్వర్ దానిని అప్పటికప్పుడు పలుచన చేసి పంపుతూ తడబడవచ్చు. రౌటర్ పక్కన ఫ్రిజ్ వంటివి ఉన్నా అంతరాయం కలుగుతుంది. తీగ మార్చు. ఫ్రిజ్ దూరం జరుపు. యాప్‌లో వీడియో నాణ్యత తగ్గించు. ఒక్కొక్క మార్పు తరవాత ఒక్కొక్క వీడియోను మొదటి నుంచి చివరివరకు చూసి, ఎక్కడెక్కడ తెగిందో రాసి పంపు.

“ఒకటి ఎవరికో చాస్తారు” అన్న నీ వాక్యాన్ని మరొకసారి చదివాను. లోపం తెలిపే ఉత్తరంలో వెటకారం ఉండరాదు.

నా దగ్గర వీడియోలన్నీ నిరాటంకంగా ఆడుతున్నాయి. మా హాలులో గోడంత తెర ఏర్పాటు చేశాను. మాటలు నాలుగు మూలల నుంచి వినిపిస్తాయి. బడి సెలవులు దగ్గరపడుతున్నాయి గనుక పాపను ఇక్కడికి పంపు. తండ్రి గొంతు తండ్రి పుట్టి పెరిగిన ఇంట్లో వింటుంది. నీవు రానక్కరలేదు. స్టేషన్‌కు నేను వెళ్లి దింపుకుంటాను.

ఆశీస్సులతో,
పాప పెదనాన్న

మార్చి 9

బావగారికి నమస్కారాలు.

నేను వెటకారం ఆడలేదు. ఆ ఐస్‌క్రీమ్ నాకే. నాకే అని రాస్తే మీకు బాగుండదేమోనని ఎవరికో అన్నాను. దానికి కూడా కోపం తెచ్చుకుంటారని తెలియదు.

తీగ మార్చాను. నేనూ పాపా కలిసి ఫ్రిజ్‌ను వంటగది అవతలి మూలకు నెట్టాం. ఇప్పుడు దాని తలుపు సగమే తెరుచుకుంటోంది, పాలగిన్నె పక్కకు వంచి తీయాల్సి వస్తోంది. నాణ్యత తగ్గించాక అందరి ముఖాలూ చెదిరిపోయాయి కానీ తెగే చోట తెగుతూనే ఉంది. ప్రతి వీడియోలో ఎప్పుడూ ఒకే చోట. తీగది తప్పయితే రోజుకో చోట తెగాలి కదా అని మా క్లినిక్‌లో ప్రింటర్లు బాగుచేయడానికి వచ్చే ఆయన అన్నారు. మీకు తెలియని విషయం కాదనుకోండి.

అసలు రాయవలసింది ఇది. రిమోట్‌తో వీడియోను ముందుకు జరుపుతుంటే కింద గీత మీద వేలి గోరంత బొమ్మలు వస్తాయి, మీకు తెలిసే ఉంటుంది. సముద్రం వీడియోలో అలా జరుపుతుంటే నేను కనబడ్డాను. పసుపు వానకోటులో, జుట్టంతా ముఖం మీద పడి, ఐస్‌క్రీమ్ అందుకుంటూ. ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టారు. తరవాతి బొమ్మలో పాప, అప్పుడు దానికి నడక కూడా రాదు, ఆయన భుజం మీద. వేలు తీసి ఆడిస్తే మళ్లీ ఖాళీ సముద్రమే.

మిగతావి చూశాను. మంచం రెండో కొస పట్టుకున్నది నేను. పడవలో ఆయన పక్కన నేను. గోరంత బొమ్మలన్నిట్లో ఉన్నాను, పెద్ద బొమ్మలో ఎక్కడా లేను. పాపకు ఇదొక ఆటైపోయింది. రిమోట్ పట్టుకుని “అమ్మ వచ్చింది, అమ్మ పోయింది” అంటూ కూర్చుంటోంది. దానికి గొంతు దొరకలేదు కానీ మేం ముగ్గురం ఒకచోట ఉన్న బొమ్మలైనా దొరికాయి.

ఇది ఏ రకం లోపం బావగారూ?

మీ మరదలు

మార్చి 11

మరదలికి,

నీ ఉత్తరం అందిన వెంటనే జవాబు రాస్తున్నాను. జాప్యం చేయకు.

ఆ చిన్న బొమ్మలు సర్వర్ తన సౌకర్యం కోసం తయారుచేసుకున్న చెత్త. అవి పాతబడి చెడిపోయాయి. వీడియో సక్రమంగా ఆడకుండా అడ్డుపడుతున్నవి అవే. అవి తొలగితే తెగడం ఆగుతుంది.

సర్వర్ పేజీలో నిర్వహణ అన్న చోటికి వెళ్లు. “ముందుచూపు బొమ్మలు” అన్న వరస కనబడుతుంది. దాని ఎదురుగా ఉన్న “తొలగించి మళ్లీ తయారుచేయి” అన్న మీట నొక్కు. నిజంగా తొలగించాలా అని యంత్రం రెండుసార్లు అడుగుతుంది. రెండుసార్లూ అవునను. మళ్లీ తయారుకావడానికి ఒక పూట పడుతుంది.

ప్రింటర్లు బాగుచేసేవారిని ఇందులోకి తీసుకురాకు. పేపరు ఇరుక్కుంటే లాగడం వేరు, సర్వర్ వేరు.

ఆశీస్సులతో,
పాప పెదనాన్న

మార్చి 18

బావగారికి,

మీరు చెప్పినట్టే చేశాను. మీట పాప నొక్కింది. “నాన్న మాట్లాడతాడా ఇప్పుడు?” అంది. మాట్లాడతాడన్నాను. యంత్రం రెండుసార్లు అడిగింది, పాప రెండుసార్లూ అవునంది.

మర్నాడు సముద్రం వీడియో పెట్టాం. అదే చోట తెగింది. పాప గీత మీద ముందుకు జరిపింది. ఈసారి చిన్న బొమ్మల్లో కూడా నేను లేను. ముగ్గురం ఉన్న బొమ్మా లేదు. అది అలా జరుపుతూనే ఉంది, ఒక వీడియో తరవాత ఇంకొకటి. “అమ్మ రావట్లేదు” అంది. తరవాత రిమోట్ కింద పెట్టి బాత్రూంలోకి వెళ్లి గడియ వేసుకుంది.

మీరు వద్దన్నా ప్రింటర్ల ఆయన్ని అడిగాను. మా క్లినిక్‌లో పేషెంట్ల కుర్చీలో కూర్చుని మొత్తం విన్నాడు.

“మేడమ్, ఆ బొమ్మలు వాటంతటవి మనిషిని పుట్టించవు. పెట్టెలో మొదట ఏ వీడియో ఉందో అందులోంచి తీసుకుంటాయి. తరవాత ఎవరో అదే పేరుతో వేరేది పెట్టారు. పేరు మారలేదు కాబట్టి సర్వర్ పాత బొమ్మలే ఉంచేసుకుంది.”

“అంటే?”

“అంటే మీ దగ్గర అసలు వీడియోలకి మిగిలిన గుర్తు ఆ బొమ్మలే. ఎందుకు చెరిపారు?”

“మా బావగారు చెరపమన్నారు.”

ఆయన తన సంచి సర్దుకున్నాడు. నీళ్లు తాగి వెళ్లిపోయాడు. ఆ తరవాత వచ్చిన పేషెంటు పేరు నేను మూడుసార్లు తప్పు రాశాను.

ఉత్తరానికొక లోపం అన్నారు. నాది ఇది ఒక్కటే. బావగారూ, మీరు కత్తిరించారా?

మీ మరదలు

మార్చి 23

మరదలికి,

కత్తిరించాను.

పెట్టెలోకి మొదట అసలు వీడియోలనే ఎక్కించాను. అవి సరిగా ఆడుతున్నట్టు పరీక్షించుకున్నాక, నీవు కనబడిన ప్రతి భాగాన్నీ, నీ గొంతు వినిపించిన ప్రతి భాగాన్నీ తీసివేసి, అవే పేర్లతో తిరిగి ఎక్కించాను. శ్రమతో కూడిన పని. ఇబ్బంది ఏమిటంటే నీవెక్కడ ఉంటే అతడు అక్కడే ఉండేవాడు, అతడు మాట్లాడేది నీతోనే. కనుక నిన్ను తీసిన ప్రతిచోటా అతణ్ణి కూడా పోగొట్టుకోవలసి వచ్చింది. అందుకు నేను సంతోషించలేదు.

చిన్న బొమ్మల సంగతి నేను మరిచాను. పేర్లు మార్చకపోవడం వల్ల జరిగిన పొరపాటు అది. నీవు తెలియజేశావు, దిద్దుకున్నాను.

కారణం నీకు తెలియనిది కాదు. ఆసుపత్రి మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఎదురుగా నీవు నిలబడి ఉన్నావు. “లోపలికి వద్దు బావగారూ, వెళ్లిపోండి” అన్నావు. నేను లిఫ్టులోంచి బయటకు అడుగు కూడా పెట్టలేదు. తలుపు నా ముఖం ముందే మూసుకుంది. నేను బాగుచేసే యంత్రంలోనే కిందికి దిగాను. వాడి చెయ్యి పట్టుకుని పెంచినవాణ్ణి, వాణ్ణి మళ్లీ చూసింది గుడ్డ కప్పిన తరవాత. వాడి చివరి రోజులలోంచి నన్ను నీవు తీసివేశావు. నీకు చేతనైన పని నాకు చేతకాదా?

అసలు వీడియోలు భద్రంగా నా దగ్గర ఉన్నాయి, ఉంటాయి. పాపను ప్రతి సెలవులకూ ఇక్కడికి పంపు. వాటన్నిటినీ చూస్తుంది. గొంతు కావలసినవారు గొంతు ఉన్నచోటికి రావాలి. పంపకపోతే అది పెద్దదై అడుగుతుంది, అప్పుడు నీవే సమాధానం చెప్పుకోవాలి. సర్వర్‌లో మరే లోపమూ లేదు.

పాప పెదనాన్న

మార్చి 30

బావగారికి,

మిమ్మల్ని లోపలికి రానివ్వొద్దన్నది నేను కాదు. ఆయన. నా పేరు మీద చెప్పమన్నదీ ఆయనే. చెప్పాను. మీరు నన్ను తిట్టుకుంటూ బతికేస్తారని, నిజం తెలిసి కుళ్లిపోవడం కంటే నయమని ఊరుకున్నాను. మీ పెట్టె చేరినప్పుడు ఊరుకోవడం మంచిదైందనే అనుకున్నాను.

ఆ రోజు నేను బట్టలకోసం ఇంటికొచ్చినప్పుడు ఆయన ఆసుపత్రి నుంచి నా ఫోన్‌కు మాట రికార్డు చేసి పంపారు. నా దగ్గర ఉన్న ఆయన గొంతు అదొక్కటే. పాపకు ఇప్పటికీ వినిపించలేదు. వాళ్ల నాన్న గొంతును పాప మళ్లీ మొదటిసారి వినేది ఆ మాటల్లో కాకూడదనే మీ తీగలు, మీ సాకెట్లు, మీ మీటలు అన్నీ భరించాను. అందులో ఉన్నదిది.

“ఏమే, అన్నయ్య బయల్దేరాడన్నావుగా. లోపలికి రానీకు. కెమెరా లేకుండా రాడు. నాన్న పోయేటప్పుడు చూశావుగా, డాక్టర్ని పక్కకి జరగమన్నాడు, వెలుగు పడట్లేదని. నన్నూ అంతే, ‘కొంచెం ఇటు తిరగరా’ అంటాడు. పోయేముందు ఆ కొలబద్ద ముందు పడుకోవడం నా వల్ల కాదు. టికెట్ లేదని దింపెయ్. నేనన్నానని అనకు, నువ్వే వద్దన్నావని చెప్పు.”

కొలబద్ద అనేది మా ఇంట్లో మీ పేరు. మీకు తెలియదనుకుంటాను.

ఈ ఫైలును ఉమ్మడి అరలో వేశాను. సంవత్సరం, నెల, చోటు, సందర్భం, మీ వరసలోనే పేరు పెట్టాను. మీ గోడంత తెర మీద కొత్తగా చేరినవాటిలో మొదట కనబడుతుంది. బొమ్మ ఉండదు, నాలుగు మూలల నుంచి మాటే వస్తుంది.

చివర మీ గురించి ఇంకొక మాట ఉంది. దాన్ని కత్తిరించి నా దగ్గర ఉంచుకున్నాను. అది కావాలంటే అసలు వీడియోలన్నీ అరలో పెట్టండి. పాప రాదు.

పాప తల్లి

ఏప్రిల్ 3

మరదలికి,

విన్నాను. వెనక ఏదో యంత్రం గురగుర ఉంది. దానిని తీసివేసి మళ్లీ విన్నాను. మాటలు మారలేదు.

అసలు వీడియోలన్నిటినీ అరలో పెట్టాను. ఏదీ అట్టిపెట్టుకోలేదు. నీ ఇంటర్నెట్ వేగాన్ని బట్టి అవి అక్కడికి చేరడానికి కొంత సమయం పడుతుంది. ఈలోగా పెట్టె ఆపవద్దు. పాపను పంపనక్కరలేదు. నీ ఇష్టం. మీ ఇద్దరి ఇష్టం.

నాన్న పోయిన గదిలో నిజంగానే వెలుగు తక్కువ. డాక్టర్ కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు. ఒక్క అడుగు జరగమన్నాను, అంతకంటే ఏమీ అనలేదు. దానిని వాడు ఇన్నేళ్లు మనసులో పెట్టుకున్నాడని నాతో ఒక్కసారి కూడా అనలేదు. నీతో అనేవాడా? తరచుగా అనేవాడా?

ఆసుపత్రికి ఆ రోజు నేను కెమెరా తీసుకువచ్చిన మాట వాస్తవమే. సంచిలోనే ఉంది. తీసేవాణ్ణని వాడికెలా తెలుసు?

ఆ చివరి మాట పంపు. చిన్నదైనా సరే. తిట్టయినా సరే. నేను తిట్లకు నొచ్చుకునేవాణ్ణి కాను, వాడికి తెలుసు. ఫైలు ఎక్కించడం కష్టమైతే మాటలలో రాసినా చాలు, అలాగే రాయి, ఏదీ సరిచేయకుండా. పోస్టు ఆలస్యమవుతుంది. ఫోన్ చేయి. ఎత్తుతాను.

అన్నయ్య

ఏప్రిల్ 10

బావగారికి,

వీడియోలన్నీ చేరాయి. ఎక్కడా తెగడం లేదు. అన్నీ వేరే డిస్క్‌లోకి కూడా ఎక్కించుకున్నాక మన పెట్టెల మధ్య జోడింపు తీసేశాను.

పాప మొదట పడవది పెట్టింది. ఆయన పడవవాడితో బేరం ఆడుతున్నారు, “మాకు సగం టికెట్ చాలు, మా ఆవిడకి నీళ్లంటే భయం, కళ్లు మూసుకుంటుంది, చూసేది సగమే.” పాప టీవీ గొంతు తగ్గించమంది. కాసేపటికి పెంచమంది. తరవాత టీవీ పక్కన స్పీకర్ ఉన్నచోట చెవి ఆనించి నిలబడింది. అన్నానికి రమ్మంటే రాలేదు, కంచం అక్కడికే తెచ్చిపెట్టాను.

మీరు అడిగినదానికి జవాబు. ఫోన్‌లో చెబితే గాలిలో కలిసిపోతుంది కాబట్టి రాస్తున్నాను. కత్తిరించినదేమీ లేదు. ఆ ఫైలు మొదటి నుంచీ అంతే. “నువ్వే వద్దన్నావని చెప్పు” అన్నాక ఆయన రికార్డు ఆపేశారు. అసలు వీడియోలు మీ చేతిలోంచి రావడానికి వేరే దారి నాకు తోచలేదు.

ఇంకేమైనా అన్నాడేమో, నేను దాచానేమో అని మీరు వెతుక్కుంటూ కూర్చోవద్దు. ఆ తరవాత ఆయన ఇంకా వారం బతికారు. మాట కూడా బాగానే ఉంది. డిపోలో డ్రైవర్ల గురించి అడిగారు, పాప బడి గురించి అడిగారు, పై ఇంటావిడ మోకాళ్ల నొప్పి ఎలా ఉందని అడిగారు. మీ పేరు ఎత్తలేదు.

పాప తల్లి